పోలీసు కేసు ఉన్న మనిషి అవయవదానం: ఆ రాత్రి ఎస్‌ఐ ఏం చేయాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను కొత్తగా స్టేషన్ చార్జ్ తీసుకున్న ఎస్‌ఐని. బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన కుర్రాడు బ్రెయిన్ డెడ్ అయ్యాడని, ఇంట్లోవాళ్ళు అవయవదానానికి ఒప్పుకున్నారని రాత్రి పదకొండింటికి ఆసుపత్రి నుంచి లెటర్ వచ్చింది. సంతకం పెడితే కేసు దెబ్బతింటుందేమోనని భయపడి, పొద్దున సీఐ గారిని అడిగి చెబుతానన్నాను. తెల్లవారకముందే గుండె ఆగిపోయింది. కళ్ళు మాత్రమే ఇవ్వగలిగారు. నాది తప్పేనా? మళ్ళీ ఇలాంటిది వస్తే ఏం చేయాలి?"

ఎస్‌ఐ గారూ, నేను ఫోరెన్సిక్ మెడిసిన్‌లో పాతికేళ్ళకు పైగా పనిచేసి రిటైరైన డాక్టర్ని. మార్చురీలో మీలాంటి దర్యాప్తు అధికారులతో (ఐవోలతో), ఐసీయూల దగ్గర అవయవదాన కోఆర్డినేటర్లతో చాలా రాత్రులు గడిపాను. తప్పెవరిదన్న ప్రశ్నకు చివర్లో వస్తాను. ముందు మీ భయం సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ భయం నాకూ ఉండేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉరి కేసు. మనిషిని కిందికి దించేసరికి కొన ఊపిరి ఉంది, ఆసుపత్రిలో నాలుగు రోజులకు బ్రెయిన్ డెడ్. రాత్రి నాకు ఫోన్ చేసి, "సార్, కిడ్నీలు, లివర్ తీసుకోవచ్చా?" అని అడిగారు. నేను మంచం మీద నుంచి లేవకుండానే వద్దన్నాను. కోర్టులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నదే నా టెన్షన్. మర్నాడు పోస్టుమార్టం చేశాను. నాకు కావలసిందంతా మెడ దగ్గరే ఉంది: తాడు గుర్తు, దాని కింద కండరాలు, గొంతులోని హయాయిడ్ ఎముక. పొట్ట గురించి రెండు లైన్లు రాశాను, అవయవాలన్నీ సాధారణంగా ఉన్నాయని. ఆ సాధారణంగా ఉన్న కిడ్నీలను నేనే కోసి, తూచి, మళ్ళీ లోపల పెట్టి కుట్టేశాను. అవయవాలు తీసే సర్జన్ ఛాతీ పైభాగం నుంచి పొత్తికడుపు దాకా నిలువుగా ఒకే కోత పెడతాడు, మెడ జోలికి రాడు. లేచి ఆసుపత్రికి వెళ్ళి, శవాన్నీ కేస్ షీటునూ ఒకసారి చూసి ఉంటే ఈ సంగతి ఆ రాత్రే తెలిసేది.

అందుకే చెబుతున్నాను. వద్దనడం చాలా సులువు. వద్దన్నందుకు మెమో ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఈ సులువును గమనించి చట్టంలోనే ఒక మెలిక పెట్టింది: అవయవాలు తీయొద్దనాలని అనుకునే మెడికల్ ఎగ్జామినర్ (అక్కడ ఇలాంటి మరణాలకు కారణం తేల్చే డాక్టరు) ఆ ఆపరేషన్ జరిగే చోటికి రావాలి. మన దగ్గర అంత మెలిక లేదు గానీ, దారి మాత్రం రాసే ఉంది.

చట్టం సంగతి. 1994లో వచ్చిన మానవ అవయవ మార్పిడి చట్టంలో ఆరో సెక్షన్ సరిగ్గా మీ కేసు గురించే. ప్రమాదం వల్లగానీ మరే అసహజ కారణంతోగానీ చనిపోయి పోస్టుమార్టానికి వెళ్ళే శరీరం నుంచి, ఆ పరీక్షకు అవసరం ఉండదని నమ్మకం కుదిరిన అవయవాలను వైద్యం కోసం తీసుకోవచ్చని, బతికుండగా ఆ మనిషి వద్దని చెప్పి ఉండకూడదని దాని సారాంశం. 2011లో చట్టాన్ని సవరించి కణజాలాలను కూడా కలిపారు. ఆ తర్వాత 2014లో వచ్చిన నియమాల్లో ఆరోది మెడికో లీగల్ కేసుల కోసమే, అంటే పోలీసు కేసు ఉన్నవాటి కోసమే రాశారు. కుటుంబం సమ్మతి వచ్చాక ఆసుపత్రి డాక్టరు ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ చార్జ్‌లో ఉన్న అధికారికి) గానీ, ఎస్పీకి గానీ, డీఐజీకి గానీ నేరుగా, లేదా ఆసుపత్రిలోని అవుట్‌పోస్ట్ ద్వారా లెటర్ పంపాలి. దాని కాపీ అదే సమయంలో పోస్టుమార్టం చేసే డాక్టరుకూ వెళ్ళాలి. ఆ నియమం మిమ్మల్ని కోరేది అవయవాల సేకరణ సకాలంలో జరిగేలా సహకరించమని. మనం వాడుకలో దాన్ని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అని పిలుచుకుని, అనుమతిగా మార్చేసి, పై అధికారి టేబుల్ మీదికి ఎక్కించాం. లెటర్ అందుకోవడానికి ఎస్‌హెచ్‌ఓగా మీరే చాలు. సీఐ గారికి, డీఎస్పీ గారికి ఫోన్‌లో చెప్పండి, చెప్పాలి కూడా. తెల్లారేదాకా ఆగమని మాత్రం ఎక్కడా లేదు.

అదే నియమంలో ఇంకో మూడు మాటలున్నాయి, మీకు పనికొస్తాయి. అవయవాలు తీయడం వల్ల మరణ కారణం తేల్చడానికి అడ్డు రాకూడదు. తీసిన డాక్టర్లు అక్కడికక్కడే రిపోర్టు రాయాలి, అది పోస్టుమార్టం నోట్సులో చేరాలి. వీలైతే పోస్టుమార్టం చేసే డాక్టరును, ఆఫీసు వేళలు దాటినా సరే, ఆపరేషన్ దగ్గర ఉండమని అడగాలి. అంటే సాక్ష్యాన్ని కాపాడే ఏర్పాటు చట్టంలోనే ఉంది. మీరు చేయాల్సిందల్లా దాన్ని నడిపించడం.

ఇక అసలు పని. లెటర్ కోసం ఎదురుచూడకండి. బ్రెయిన్ డెడ్ అని ప్రకటించడానికి నలుగురు డాక్టర్ల బోర్డు రెండుసార్లు పరీక్షలు చేయాలి. రెండు పరీక్షలకూ మధ్య కనీసం 6 గంటలు ఉండాలి. యాక్సిడెంట్ జరిగిన రోజే ఎంఎల్‌సీ ఇంటిమేషన్ (మెడికో లీగల్ కేసు వచ్చిందన్న ఆసుపత్రి కబురు) మీ స్టేషన్‌కి వచ్చి ఉంటుంది కాబట్టి మీకు కేసు కొత్త కాదు. మొదటి పరీక్ష అయిందని తెలిసిన వెంటనే కదిలితే ఆ 6 గంటలు మీవి. ఆ టైంలో కేస్ షీటు, స్కాన్ రిపోర్టులు చూడొచ్చు, ఫోరెన్సిక్ డాక్టరుకు ఫోన్ చేయొచ్చు, శవ పంచనామాకు సాక్షులుగా ఉండే పంచాయతీదార్లను పిలిపించుకోవచ్చు. బ్రెయిన్ డెడ్ అయిన శరీరం నిలకడగా ఉండదు. బీపీ పడిపోతుంది, ఒంట్లో ఉప్పు నీళ్ళ లెక్క తప్పుతుంది, మందులతో గుండెను నిలబెడుతుంటారు. మనం ఆలోచించుకునే దాకా అది ఆగదు. బయటికి తీశాక కూడా గుండె, ఊపిరితిత్తులకు నాలుగు నుంచి ఆరు గంటలే. లివర్‌కు పన్నెండు గంటల లోపు. కిడ్నీలు ఒక రోజు దాకా ఓర్చుకుంటాయి.

ఆసుపత్రికి వెళ్ళగానే మొదట అడగాల్సింది ఒకటే: చేర్చినప్పుడు తీసిన మొదటి రక్తం నమూనా ఎక్కడుంది? దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను చూసిన కేసుల్లో ఎక్కువ దెబ్బ పడింది ఇక్కడే. ఒక కేసులో లారీ డ్రైవర్ తరఫు లాయర్, చనిపోయిన మనిషే తాగి బండి నడిపాడన్నాడు. మనిషి ఆసుపత్రిలో ఐదు రోజులున్నాడు. సెలైన్ లీటర్లకొద్దీ ఎక్కింది, రక్తం బాటిళ్ళు ఎక్కాయి. పోస్టుమార్టంలో నేను తీసిన రక్తంలో అతని పాత రక్తం ఎంత మిగిలి ఉంటుంది? ఆల్కహాల్ ఉందా లేదా అని అది చెప్పలేదు. మొదటి రోజు నమూనా కోసం రాస్తే, ల్యాబ్ వాళ్ళు కొన్ని రోజులకోసారి ఫ్రిజ్ ఖాళీ చేస్తారని, పారేశామని జవాబొచ్చింది. ఆ కేసులో అవయవదానం జరిగింది కాబట్టి లాయరు దాన్నే పట్టుకుని ఊపాడు. నిజానికి సాక్ష్యం పోయింది ఐదు రోజుల ముందు, ల్యాబ్ సింక్‌లో. అందుకని ఎంఎల్‌సీ వచ్చిన రోజే, అవయవదానం ఊసే లేకపోయినా, "మొదటి రక్తం, మూత్రం, పొట్ట కడిగిన నీళ్ళు ఉంటే అవి, ఒంటి మీది బట్టలు భద్రపరచండి" అని ఆసుపత్రికి ఒక లెటర్ ఇచ్చి రసీదు తీసుకోండి. సీలు వేసి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో రాసుకోండి. బట్టలు కత్తిరించి చెత్తబుట్టలో పడేసేది కూడా ఆ మొదటి గంటలోనే.

తర్వాత పంచనామా. బ్రెయిన్ డెడ్ ప్రకటించాక, థియేటర్‌కు తీసుకెళ్ళే ముందే శవ పంచనామా ముగించడం మంచిదని నా సలహా. బయటి గాయాలు ఏ కొత్త కోతా లేకుండా ఉన్నప్పుడే ఫొటోలు పడాలి, పక్కన స్కేలు పెట్టి. ఇక్కడ ఒక ఇబ్బంది వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఐసీయూలో పంచాయతీదారు చేయి పెట్టి చూస్తే ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, వెంటిలేటర్‌తో ఛాతీ లేచి పడుతుంటుంది, మానిటర్‌లో గీత కదులుతుంటుంది. "సార్, ఊపిరి ఆడుతున్న మనిషి మీద శవ పంచనామా ఎలా రాస్తాం?" అని ఒకాయన నా ఎదుటే పెన్ను కింద పెట్టేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. అప్పుడు డాక్టరు చేతే చెప్పించండి: మెదడు కాండం పూర్తిగా చచ్చిపోయింది, యంత్రం ఆపితే ఊపిరి లేదు, చట్టం దీన్ని మరణమే అంటుంది. పదో నంబరు ఫారం మీద బోర్డు నలుగురి సంతకాలు చూపించండి. రెండో పరీక్ష ముగిసి సర్టిఫై చేసిన సమయాన్నే మరణ సమయంగా పంచనామాలో, కేస్ డైరీలో, ఆల్టరేషన్ మెమోలో ఒకేలా రాయండి. గాయాల సెక్షన్ నుంచి, నిర్లక్ష్యం వల్ల మరణానికి వేసే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106(1)కు మారుస్తూ కోర్టుకు పంపే మెమోలో వెంటిలేటర్ తీసిన సమయం వేస్తే, రేపు డిఫెన్స్ వాళ్ళు "మరణం ఎప్పుడు, గుండె తీశాకా?" అంటారు.

ఆ వాదన ఎలాగూ వస్తుంది, "మా క్లయింటు కొట్టినందుకు కాదు, డాక్టర్లు అవయవాలు తీసినందుకు చనిపోయాడు" అని. జవాబు ఆ ఫారంలోనే ఉంది, తీసే ముందే మరణం రాతపూర్వకంగా తేలింది. గాయానికి సరైన వైద్యం దొరికితే బతికేవాడన్న కారణం నిందితుడికి పనికిరాదని కూడా పాత ఐపీసీలోనూ, ఇప్పటి బీఎన్‌ఎస్‌లోనూ వివరణ ఉంది. మీ టైములు ఒకదానికొకటి అతికితే చాలు.

అన్నీ ఇవ్వాలి, లేదంటే ఏదీ ఇవ్వకూడదు అన్నట్టు ఆలోచించకండి. తలకు తప్ప ఎక్కడా దెబ్బ లేని యాక్సిడెంట్‌లో దాదాపు ఏ అవయవం మీదా దర్యాప్తుకు పని ఉండదు. పొట్టలో కత్తిపోటు ఉంటే లివర్ మా సాక్ష్యం కావచ్చు, గుండె కాదు. తుపాకీ గుండు దారిలో ఉన్నవి వద్దంటాం, మిగతావి సరే. విషం కేసు కొంచెం చిక్కే: విసెరాకు, అంటే ల్యాబ్‌లో విషం పరీక్షకు పంపడానికి, లివర్ ముక్క, కిడ్నీ ముక్క మాకు కావాలి, పైగా విషం మత్తులో ఉన్న మనిషికి బ్రెయిన్ డెడ్ పరీక్షే చేయకూడదు, ఆ మత్తు పూర్తిగా దిగిందని తేలాలి. చిన్నపిల్లల్ని కొట్టారని అనుమానం ఉన్న కేసులో కళ్ళు ఇవ్వనివ్వను, రెటీనాలో రక్తస్రావం చూడటం ఆ కేసుకే ప్రాణం. కస్టడీ మరణమైతే మేజిస్ట్రేట్ విచారణ ఉంటుంది, ఆయన మాట లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు. ఏ అవయవం ఉండాలో చెప్పేది ఫోరెన్సిక్ డాక్టరు. ఆయన వద్దంటే ఏది, ఎందుకు అన్నది ఒక లైను రాసిమ్మనండి. రాయమంటే చాలామంది వచ్చి చూస్తారు.

పెళ్ళై ఏడేళ్ళు నిండని ఆడమనిషి చనిపోతే మాత్రం ఒక్క క్షణం ఆగండి. పంచనామాకు తహశీల్దారు రావాలి సరే, అంతకన్నా ముందు సమ్మతి సంతకం ఎవరు పెట్టారో చూడండి. చట్టం దగ్గరి బంధువు అంటుంది, భర్త దగ్గరి బంధువే. కానీ రేపు అనుమానితుల్లో ఉండబోయే మనిషి ఈ రాత్రి సమ్మతి సంతకం పెడితే ఆ కాగితం ఎవరికీ మేలు చేయదు. అమ్మాయి తల్లిదండ్రులు ఎక్కడున్నారో కనుక్కుని వాళ్ళతో మాట్లాడమని కోఆర్డినేటర్‌కు చెప్పండి. అది మీకు మాత్రమే తట్టే విషయం, ఆసుపత్రి వాళ్ళకు తట్టదు.

మాట్లాడటం అంటే గుర్తొచ్చింది: అవయవాలు ఇవ్వమని కుటుంబాన్ని మీరు అడగకండి. యూనిఫాంలో ఉన్న మనిషి మంచి మనసుతో అడిగినా అది వాళ్ళకు ఆర్డరులా వినిపిస్తుంది. అడగడం కోఆర్డినేటర్ పని, దానికి వాళ్ళకు శిక్షణ ఉంటుంది. "మీరు ఇవ్వాలనుకుంటే పోలీసు వైపు నుంచి అడ్డు లేదు, కేసు ఎక్కడికీ పోదు" అని మీరు అంటే చాలు. బంధువుల్లో ఎవరో ఒకరు "ఇన్సూరెన్స్ రాదు, బాడీ రెండ్రోజులు ఇవ్వరు" అంటూనే ఉంటారు. పోస్టుమార్టం ఎలాగూ జరుగుతుంది, రిపోర్టు వస్తుంది, క్లెయిముకు అదే కావాలి. అవయవాల సేకరణ ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదు. డబ్బు ఇస్తామని ఎవరైనా మెల్లగా అన్నట్టు మీ చెవిన పడితే మాత్రం అది వేరే కేసు, అవయవ మార్పిడి చట్టం పందొమ్మిదో సెక్షన్ కింద ఐదు నుంచి పదేళ్ళ దాకా జైలు.

రాత్రిపూట పోస్టుమార్టం చేయరు కదా అని మీకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ పాత పద్ధతిని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులో మార్చింది. సదుపాయాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చేయొచ్చు, అవయవదానం కేసులకు ప్రాధాన్యం ఇవ్వాలి, రాత్రి చేసినవి వీడియో తీయాలి. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్ళిన శవాలు, అనుమానాస్పద మరణాలు మాత్రం శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప రాత్రి చేయకూడదు. అవయవాల సేకరణ వేరు, పోస్టుమార్టం వేరు. మొదటిది థియేటర్‌లో అర్ధరాత్రి జరిగి, రెండోది పొద్దున మార్చురీలో జరగొచ్చు. మీ బైక్ కేసు లాంటివైతే రెండూ ఆ రాత్రే పూర్తయ్యేవి.

థియేటర్‌లో మా పని ఎలా ఉంటుందో చెబుతాను, మీకు అనుమానం తీరుతుంది. నేను గౌను వేసుకుని సర్జన్ భుజం వెనక నిలబడతాను. పొట్ట తెరవగానే "రక్తం లేదు, స్ప్లీన్ బాగుంది, లివర్ కుడివైపు చిన్న చీలిక" అని ఆయన చెబుతుంటే నేను వంగి చూసి రాసుకుంటాను, కొలుస్తాను, ఫొటో తీయిస్తాను. నిజం చెప్పాలంటే గుండె కొట్టుకుంటున్నప్పుడు, మంచి లైటు కింద, రక్తం పారుతున్న అవయవాన్ని చూస్తే గాయం ఎంత తాజాదో మార్చురీ బల్ల మీద కన్నా బాగా తెలుస్తుంది. ఒకట్రెండు కేసుల్లో నాకు కోర్టులో పనికొచ్చింది ఆ నోట్సే. డాక్టరు రాలేకపోతే వీడియో అయినా తీయించండి.

కళ్ళు, చర్మం లాంటి కణజాలాల లెక్క వేరు. వీటికి గుండె కొట్టుకుంటూ ఉండక్కర్లేదు. రోడ్డు మీదే చనిపోయిన మనిషివి కూడా తీసుకోవచ్చు, చనిపోయిన 6 గంటల లోపు అయితే బాగుంటుంది. ఇక్కడ మీ కానిస్టేబుల్ చేతిలోనే అంతా ఉంది: చివరిసారి ప్రాణంతో చూసిందెవరు, ఎన్నింటికి అన్నది సరిగ్గా రాస్తే ఐ బ్యాంక్ వాళ్ళకు గడువు తెలుస్తుంది. రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద కాస్త ఎత్తు పెట్టి, పైన ఫ్యాన్ ఆపితే చాలు. ఐ బ్యాంక్ టెక్నీషియన్ కంటి ముందరి కార్నియా పొరను మాత్రమే తీసుకుంటే కంటి లోపలి విట్రియస్ ద్రవం మాకు మిగులుతుంది, ఆల్కహాల్ పరీక్షకు అది బంగారం. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. వాళ్ళు పరీక్షలకు రక్తం తీసిన చోటు కూడా రాసిమ్మనండి. ఒకసారి గజ్జల దగ్గర కొత్త సూది గుర్తు చూసి, ఎవరో ఇంజెక్షన్ చేశారని గంటసేపు తల పట్టుకున్నాను.

గ్రీన్ కారిడార్ గురించి మీకు నేను చెప్పేదేముంది. 2008లో చెన్నైలో రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక కుర్రాడి గుండె నగరం దాటడానికి పోలీసులు దారి ఇప్పించినప్పటి నుంచి అది అందరికీ తెలిసిన మాట అయింది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైల్లో ఆపకుండా గుండెను తీసుకెళ్ళారు. పేపర్లో ఫొటో వచ్చేది ఆ ప్రయాణానికే. అంతకు ముందు ఏదో స్టేషన్‌లో ఒక ఎస్‌ఐ రాత్రిపూట లేచి పంచనామా రాయకపోతే ఆ పెట్టె బయల్దేరదు.

ఇక తప్పు మీదేనా అన్న ప్రశ్న. ఆ గుండె పొద్దుటిదాకా ఎందుకు నిలబడలేదో కేస్ షీటు చూడకుండా నేను చెప్పలేను. మీరు పదకొండున్నరకే సంతకం పెట్టినా ఆగిపోయి ఉండొచ్చు. కానీ ఆ రాత్రి గంటలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి, వాటిని వాడలేదు. నేనూ ఆ ఉరి కేసు రాత్రి వాడలేదు. మీకు ఎవరూ నేర్పలేదన్నది కూడా నిజమే, ట్రైనింగ్‌లో దీనికి ఒక గంట అయినా కేటాయించాలని నేను చాలాసార్లు అడిగాను. రేపు మీ జిల్లాలో పోస్టుమార్టం చేసే డాక్టరు నంబరు, జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన పథకం) కోఆర్డినేటర్ నంబరు ఫోన్‌లో వేసుకోండి. స్టేషన్ కాగితాలు చూసే రైటర్ దగ్గర కూడా రాసి పెట్టండి, మీరు బందోబస్తులో ఉన్నప్పుడు లెటర్ అందుకునేది అతనే. లెటర్ మీద వచ్చిన గంటా నిమిషం వేసి సంతకం పెట్టడం అలవాటు చేయండి.

ఆ కుర్రాడి కళ్ళు ఇచ్చిన విషయం, ఏ ఐ బ్యాంక్ తీసుకుంది, ఎన్నింటికి తీసుకుంది అన్నవి కేస్ డైరీలో ఉన్నాయో లేదో చూసుకోండి. వాళ్ళ ఇంట్లోవాళ్ళు కొద్దిరోజుల్లో క్లెయిము కాగితాల కోసం స్టేషన్‌కి వస్తారు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు నకళ్ళు వాళ్ళు అడగకముందే తీయించి ఉంచండి, రెండోసారి తిప్పకండి.